హైదరాబాద్‌లో మూడు రోజులు, ఇద్దరు చిన్నపిల్లలు: ప్లాన్ ఒకసారి చూసి చెప్పండి

గోదావరి_గట్టు:
అందరికీ నమస్కారం. రాజమండ్రిలో శుక్రవారం రాత్రి గౌతమి ఎక్కి, శనివారం తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దిగుతాం. సోమవారం రాత్రి అదే బండికి తిరుగు ప్రయాణం. మేమిద్దరం, ఆరేళ్ళ బాబు, మూడేళ్ళ పాప, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు. పాపకి మధ్యాహ్నం ఒంటిగంటకల్లా నిద్ర పడకపోతే సాయంత్రమంతా ఏడుపే.
శనివారం సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్, గోల్కొండ. ఆదివారం రామోజీ ఫిల్మ్‌సిటీ. సోమవారం జూ, లుంబిని పార్కు, బిర్లా మందిర్. ఇదీ అనుకున్నది. వీటిలో ఏవి తీసెయ్యమంటారు?

మూసీ_ఒడ్డు:
సోమవారం జూ సెలవండీ. లుంబిని పార్కూ సెలవే. ముందు ఆ రోజు మార్చండి. సాలార్‌జంగ్‌కి సెలవు శుక్రవారం, కాబట్టి దానితో మీకు ఇబ్బంది లేదు.

పాప నిద్ర లెక్కన చూస్తే పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, అంతకు మించి పెట్టుకోవద్దు. గోల్కొండ తీసెయ్యండి. పైన బాలా హిస్సార్ దాకా దాదాపు 360 మెట్లు, అవి కూడా ఎత్తుపల్లాలుగా ఉంటాయి. మూడేళ్ళ పాపని ఎత్తుకునే ఎక్కాలి, అత్తగారేమో కింద ఒక్కరే కూర్చోవాలి. రామోజీ ఊరవతల, హయత్‌నగర్ దాటాక వస్తుంది. రోజంతా తిరిగితే గానీ టికెట్టు డబ్బులు గిట్టవు. పాప కాస్త పెద్దయ్యాక వెళ్ళండి.

శనివారం జూ పెట్టుకోండి. ఆదివారం జనం మరీ ఎక్కువ. 380 ఎకరాల జూ అది, మొత్తం నడిచి చూడడం పిల్లలతో అయ్యే పని కాదు. గేటు తెరిచే వేళకే ఉండి, అత్తగారికి, పాపకి బ్యాటరీ బండి టికెట్టు అక్కడే తీసుకోండి. పులులు, సింహాలు, ఏనుగులు ముందు చూసేయండి. ఎండెక్కితే పులి నీడకి పోయి పడుకుంటుంది, పిల్లలకి తోక కూడా కనపడదు. నిశాచర జంతువుల ఇల్లు చివరికి ఉంచుకోండి. లోపల చీకటి, పాపని చంకనెత్తుకోండి. పన్నెండింటికి బయటపడితే ఒంటిగంటకి రూముకి చేరొచ్చు.

నిద్ర లేచాక లుంబిని. హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడి దగ్గరికి పడవ అక్కడి నుంచే. ఏకశిలా విగ్రహం, 1990లో తరలిస్తుండగా నీళ్ళలో మునిగి, 1992లో పైకి తీశాక నిలబెట్టారు. ఆరేళ్ళ వాడికి ఈ కథ ముందే చెప్తే విగ్రహాన్ని వేరే కళ్ళతో చూస్తాడు. పాపకి పిల్లల సైజు లైఫ్‌జాకెట్ అడిగి వేయించండి, పెద్దది వేస్తే తల మీంచి జారిపోతుంది.

ఆదివారం పొద్దున సాలార్‌జంగ్. అందరూ సంగీత గడియారం 12 గంటలు కొట్టేది చూడాలని ఎగబడతారు. మీరు 11కి చూడండి. తెరిచేది పదింటికి. నేరుగా గడియారం హాలుకెళ్ళి పదిన్నరకల్లా ముందు వరసలో కూర్చుంటే అత్తగారికీ కుర్చీ దొరుకుతుంది. గంట కొట్టడానికి కాస్త ముందు గడియారంలోని గడ్డపాయన బొమ్మ లోపలి నుంచి బయటికొస్తాడు, గంట మీద పదకొండు దెబ్బలు వేసి మళ్ళీ లోపలికి పోతాడు. పక్కన కమ్మరి బొమ్మ సుత్తితో సెకన్లు కొడుతూనే ఉంటుంది, బాబుకి అది చూపించండి. ఆ తర్వాత ముసుగు రెబెక్కా అనే పాలరాతి విగ్రహం, పిల్లల బొమ్మల గది చూసుకుని బయటికి. మిగతా గదులు చూద్దామంటే పాప ఊరుకోదు.

చార్మినార్‌కి సాయంత్రం వెళ్ళండి. ఆటోలు దాని దాకా రావు, మదీనా దగ్గర దిగి పత్తర్‌గట్టి మీదుగా నడవాలి. లాడ్‌బజార్ రద్దీలో పాపని కూర్చోబెట్టి తోసే బండి తిరగదు, దాన్ని రూములోనే వదిలేయండి. మినార్ మెట్లు ఇరుకు, చీకటి, ఒక్కో మెట్టు ఎత్తు. పాపతో ఎక్కొద్దు, బాబుని మీలో ఒకరు తీసుకెళ్ళండి.

రైలుబండి:
రూము సంగతి. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరైతే జూకీ పాతబస్తీకీ రోజూ ఊరు దాటాలి. లక్డీకాపూల్, నాంపల్లి, అబిడ్స్ వైపు తీసుకుంటే మీరు చూసేవన్నీ దగ్గర.

చెక్‌అవుట్ పద్ధతి అడగకుండా బుక్ చేయొద్దు. పన్నెండింటి చెక్‌అవుట్ హోటల్లో శనివారం పొద్దున ఆరింటికి గది కావాలంటే చాలాచోట్ల అదనంగా ఒక రోజు కట్టాలి. పైగా సోమవారం పన్నెండింటికి ఖాళీ చేయాలి, సరిగ్గా పాప పడుకునే వేళకి. 24 గంటల చెక్‌అవుట్ లాడ్జి అయితే శనివారం ఆరు నుంచి మంగళవారం ఆరు దాకా మూడు రోజుల డబ్బుకి సోమవారం రాత్రి వరకూ గది మీదే. డబ్బు దాదాపు అంతే, మధ్యాహ్నం నిద్ర మిగులుతుంది.

టికెట్ల విషయం: అయిదేళ్ళు నిండని పాపకి బెర్తు అక్కర్లేకపోతే టికెట్టే వద్దు. బాబుకి బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ, వద్దంటే సగం. రాత్రి ప్రయాణం కాబట్టి వాడికి బెర్తు తీసుకోండి.

గోదావరి_గట్టు:
చాలా థాంక్సండీ, సోమవారం సెలవని మాకు తట్టనే లేదు. మరి సోమవారం ఏం చూడాలి? పిల్లల తిండి గురించి కూడా ఎవరైనా చెప్తారా?

నౌబత్_పహాడ్:
సోమవారం పొద్దున బిర్లా మందిర్. మధ్యాహ్నం మూసేస్తారు, అందుకని తొమ్మిదిలోపే వెళ్ళండి. ఎండ ముదరకముందు పాలరాయి మీద చిన్న కాళ్ళు కాలవు. ఫోన్లు లోపలికి రానివ్వరు. రెండు ఫోన్లూ రూములోనే పెట్టి వెళ్దామనుకోవద్దు, పిల్లలతో ఉన్నప్పుడు ఫోను కావాలి, కౌంటర్లో ఇచ్చి చీటీ తీసుకోండి. అత్తగారికి మెట్లు తగ్గాలంటే ఆటోని కొండ మీద దాకా రమ్మని ముందే మాట్లాడుకోండి.

ఆ పక్కనే ప్లానెటోరియం, సైన్స్ మ్యూజియం. మ్యూజియంలో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. మన ఆదిలాబాద్ వైపు యామనపల్లి దగ్గర తవ్వి తీసిన ఎముకలు. ఆరేళ్ళ వాడు అక్కణ్ణించి కదలడు, దానికి ఓ అరగంట ఉంచండి. ప్లానెటోరియంలో తెలుగు ఆట ఏ వేళకో టికెట్టు కొనేముందే అడగండి. లైట్లు ఆర్పగానే మూడేళ్ళ పిల్లలు బెదురుతారు. బాబు, ఒకరు లోపలికి వెళ్ళండి, పాపతో మిగతావాళ్ళు మ్యూజియంలో ఉండండి.

పాతబస్తీ:
తిండి: పిల్లలకు బయటి బిర్యానీ కారం అయితది. పెరుగు అడిగి, మసాలా అంటని పైఅన్నంలో కలిపి పెట్టండి. పొద్దున ఇడ్లీ కట్టించుకొని స్టీలు డబ్బాల పెట్టుకపోతే జూల పనికొస్తది. కోసిపెట్టిన పండ్లు, రోడ్డు మీది ఐసు నీళ్ళు వద్దు, అరటిపండ్లు మంచివి. చార్మినార్ దగ్గర ఇరానీ హోటల్ల పెద్దలు చాయ్ తాగండి, పిల్లలకు ఉస్మానియా బిస్కెట్లు ఇప్పియ్యండి.
ఇంకొకటి. చార్మినార్ కాడ సాయంత్రం జనం మస్తుగ ఉంటరు. మీ ఫోన్ నంబరు కాయితం మీద రాసి ఇద్దరి జేబుల్ల పెట్టి పిన్నీసు కొట్టండి. బాబు మీ చెయ్యి, పాప మీ ఆయన భుజం, ఇది లాడ్‌బజార్‌ల అడుగుపెట్టకముందే పంచుకోండి.