న్యూట్రిషన్ చదివి ఫుడ్ సిస్టమ్స్ రీసెర్చ్ వైపు వెళ్దామనుకుంటున్నా.. అక్కడ రోజూ చేసే పనేంటో తెలిసినవాళ్లు చెప్పండి

సైదాబాద్_అమ్మాయి:

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లోనే ఎమ్మెస్సీ న్యూట్రిషన్ ఫైనలియర్ చేస్తున్నా. మా చుట్టాల దృష్టిలో నేను డైట్ చార్ట్ రాసిచ్చే మేడమ్‌ని, అంతే. ఏ ఫంక్షన్‌కి పోయినా ఎవరో ఒక పెదనాన్న పక్కకి పిలిచి షుగర్ రిపోర్ట్ చూపిస్తారు, ఇంకెవరో నా ప్లేట్‌లో స్వీట్లు ఎన్నున్నాయో చూస్తారు. క్లాస్‌మేట్స్‌లో చాలామంది హాస్పిటల్ ఇంటర్న్‌షిప్‌లకో వెయిట్‌లాస్ యాప్‌లకో ఫిక్స్ అయిపోయారు, వాళ్ల మీద నాకేం కోపం లేదు గానీ నా మనసు అటు పోవట్లేదు.

డిసర్టేషన్ కోసం చదువుతుంటే ఈట్-లాన్సెట్ కమిషన్ (తిండి, ఆరోగ్యం, పర్యావరణం మీద పనిచేసే అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం) వాళ్ల 2019 రిపోర్ట్ దొరికింది. మనిషికీ భూమికీ రెండిటికీ పనికొచ్చే తిండి ఇదీ అని గ్రాముల్లో లెక్క ఇచ్చారు, రెడ్ మీట్ అయితే సగటున రోజుకి 14 గ్రాములు. మనూళ్లో మటన్ బిర్యానీలో ఒక్క ముక్క అంతకంటే ఎక్కువే తూగుతుంది కదా! అటు అది చదివి ఇటు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5) తీస్తే తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తం తక్కువ, ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం. ఇట్లాంటి చోట మాంసం తగ్గించండి అని ఎవరికి చెప్పాలసలు? ఇంకోవైపు హైటెక్ సిటీలో ఏ కేఫ్‌కి పోయినా మిల్లెట్ దోశ, మిల్లెట్ కుకీ, మిల్లెట్ పిజ్జా, అన్ని ప్రాబ్లమ్స్‌కీ మిల్లెట్సే సొల్యూషన్ అన్నట్టు.

నా డౌట్లు: ఈ ఫీల్డ్‌లో రీసెర్చర్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారు? మిల్లెట్స్ గోల నిజమేనా? ఇది ఉద్యోగమేనని మా అమ్మకి ఎట్లా చెప్పాలి?

—

తార్నాక_మెట్రో:

చెల్లీ, నేను ఫీల్డ్ సర్వేల్లో చాలాకాలం తిరిగి ఇప్పుడు డేటా వైపు కూర్చున్నా, కాబట్టి మొదటి డౌట్ నాకొదిలెయ్.

ఫీల్డ్‌లో సగం పని కప్పులతో. నవ్వకు, నిజం. ఇరవై నాలుగ్గంటల రీకాల్ అంటారు కదా, అంటే నిన్నంతా ఏం తిన్నారో గుర్తుచేయించి రాసుకోవడం, క్లాసులో ఒక పేజీలో అయిపోతుంది, ఊళ్లో అరుగు మీద కూర్చుంటే అదే గంట పైన పడుతుంది. నిన్న ఇంట్లో ఎన్ని బియ్యం పోశారు, పప్పు ఎంత వేశారు అని పచ్చి సరుకు తూకం ముందు రాసుకోవాలి, తర్వాత వండిన కూర మొత్తం ఎంతయింది, అందులోంచి ఎవరు ఎంత తిన్నారు అని కొలత కప్పుల సెట్టు ముందు పెట్టి చూపించమనాలి. మొగాయన తిన్నది, పిల్లలు తిన్నది ఆమె టకటకా చెప్పేస్తుంది, ఆమె వంతు వచ్చేసరికి "నాదేముందమ్మా, ఉన్నదేదో తిన్నా" అంటుంది. నువ్వు అడగాల్సింది అక్కడే. పప్పు గిన్నెలో అడుగున ఏమన్నా మిగిలిందా, గుడ్డు వండిన రోజు ఆమెకి వచ్చిందా, చాయ్ ఎన్నిసార్లు తాగింది (చాయ్‌ని ఎవరూ తిండి లెక్కలో చెప్పరు, అన్నం తిన్న వెంటనే తాగితే అసలే అంతంతమాత్రం ఐరన్ ఒంటికి పట్టడం ఇంకా తగ్గుతుంది). ఇంటి మొత్తానికి సరిపడా తిండి ఉన్నా ఇంటావిడ పళ్లెంలో లేకపోవచ్చు, ఇంటిని ఒక్క యూనిట్‌గా లెక్కేస్తే ఈ తేడా కంటికి కనపడనే కనపడదు.

సాయంత్రం వచ్చాక అవన్నీ కోడ్ చేసి ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ల 2017 ఆహార పట్టికలతో, అందులో 528 పదార్థాలున్నాయి, పోషకాలకి మార్చాలి. అయితే గోంగూర పప్పు అని పట్టికలో ఉండదు, విడగొట్టుకోవాలి. బోర్ పనే. ఈ బోర్ పనిని 1972 నుంచి రాష్ట్రాల్లో టీములు పెట్టి చేసిన నేషనల్ న్యూట్రిషన్ మానిటరింగ్ బ్యూరోని 2015లో మూసేశారు, నన్నడిగితే చాలా పెద్ద నష్టం. ఎవరు ఏం తింటున్నారో ఏళ్ల తరబడి చూసే కన్ను లేకుండా పాలసీ ఎట్లా చేస్తారు?

ఇంకోటి చెప్పి ఆపేస్తా. 1987-90లో హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లలో, 15 ఊళ్లలో గర్భిణులకీ చిన్నపిల్లలకీ అదనపు తిండి ఇచ్చి, 14 ఊళ్లలో అప్పటికింకా ఆ తిండి పెట్టే ప్రభుత్వ స్కీమ్ రాక ఇవ్వకుండా, పోల్చి చూశారు. ఆ పిల్లలు 13-18 ఏళ్ల వాళ్లయ్యాక మళ్లీ వెళ్లి కొలిస్తే, తిండి అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు, ఇన్సులిన్ పనితీరు, రక్తనాళాల మెత్తదనం కూడా కొంచెం మెరుగు. 2008లో బీఎంజే అనే మెడికల్ జర్నల్‌లో వచ్చింది, చదువు. ఒక్కో ఇంటికీ మళ్లీ వెళ్లి తలుపు కొట్టిన ఫీల్డ్ వాళ్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు, ఆ పని మాత్రం నిలబడింది.

—

జహీరాబాద్_జొన్నరొట్టె:

మిల్లెట్ల ముచ్చట నేను జెప్త. మాది జహీరాబాద్ దిక్కు పల్లె, ఇప్పుడు మియాపూర్ల ఉంటున్న. మా నాయనమ్మ కాలంల జొన్న రొట్టె, కొర్రన్నం రోజూ తినేటోళ్లు, బియ్యం అంటే పండుగకే. 1983ల రెండు రూపాయల బియ్యం వచ్చినంక మెల్లమెల్లగ అంత తారుమారైంది. తప్పు అనను, ఆకలి తీరింది గద, ఆ రోజులు చూసినోళ్లకే ఎరుక. గానీ ప్రభుత్వం కొనేది వరి, ఇచ్చేది బియ్యం, బోరుకు కరెంటు వరి కోసం, ఇంక జొన్న ఎవడేస్తడు? ఏసినా పిట్టలు తింటయి, కావలి ఉండాలె. కొర్రలు దంచుడు, పొట్టు తీసుడు ఎవ్వరి పని? ఆడోళ్ల పనే. కేఫ్‌ల కూసొని పాత తిండి మంచిది అనేటోళ్లు ఈ దంచుడు సంగతి మాట్లాడరు.

మా దిక్కు పస్తాపూర్ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు, ఎక్కువ దళిత ఆడోళ్లు, ఎప్పటిసందో పాత విత్తనాలు దాచిపెట్టి పంచుకుంటున్నరు, ఒక్క చేన్ల జొన్న, కంది, పెసర, ఇంకా ఎన్నో రకాలు కలిపి ఏస్తరు. తొంభైలల్ల రేషన్ బియ్యానికి బదులు ఊళ్లె పండిన జొన్ననే ఊళ్లె పేదోళ్లకు తక్కువ ధరకు ఇచ్చే పద్ధతి సొంతంగ నడిపిండ్రు. 2019ల వాళ్లకు యూఎన్‌డీపీ ఈక్వేటర్ ప్రైజ్ గూడ వచ్చింది. సంక్రాంతి టైంల ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టి పాత పంటల జాతర తీస్తరు, ఒక్కసారి వచ్చి చూడు అక్కా, నీ రీసెర్చ్‌కు సగం ప్రశ్నలు ఆడనే దొరుకుతయి.

నా బాధ ఒక్కటే, రైతుకు పడే ధరకు, ఇక్కడ సూపర్ మార్కెట్ల ప్యాకెట్ మీదుండే ధరకు పొంతన ఉండదు. పండించినామె ఇంట్ల రేషన్ బియ్యం, గేటెడ్ కమ్యూనిటీల జొన్న రొట్టె. గిది న్యాయమా?

—

పాత_పేపర్లు:

పైన బ్రో రాసింది బాగుంది గానీ జొన్నని మరీ దేవుణ్ణి చేయొద్దు. ఈ హైదరాబాద్‌లోనే ఒక పాత కథ ఉంది. ఇక్కడి పోషకాహార శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతియా గార్లు 1960లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో రాశారు, దక్కన్‌లో జొన్నే ప్రధానంగా తినే పేదవాళ్లలో పెల్లాగ్రా (నియాసిన్ అనే బి విటమిన్ తక్కువైతే వచ్చే జబ్బు) కనిపిస్తోంది అని. జొన్న ప్రొటీన్‌లో ల్యూసిన్ అనే అమైనో యాసిడ్ ఎక్కువ ఉండటం కారణం కావచ్చన్నారు, ఆ ల్యూసిన్ థియరీ మీద తర్వాత వాదనలు చాలా జరిగాయి. పప్పు, పాలు, మాంసం సరిగ్గా లేకుండా ఒకే ధాన్యం మీద బతికినవాళ్లకి వచ్చిన జబ్బు అది. మొక్కజొన్న ఒక్కటే తిన్న దేశాల్లో కూడా ఇదే కథ. పేదవాడికి బియ్యం బదులు జొన్న ఇచ్చి చేతులు దులుపుకుంటే మళ్లీ అక్కడికే వస్తాం.

రాగి గురించి మాత్రం కాదనలేం, 100 గ్రాముల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు, పాలిష్ బియ్యంలో ఎనిమిది కూడా ఉండదు. అయినా అసలు లెక్క వేరేచోట ఉంది. ఎన్‌ఐఎన్ 2024లో ఇచ్చిన గైడ్‌లైన్స్ చూడండి, ధాన్యాలూ మిల్లెట్లూ అన్నీ కలిపి కేలరీల్లో 45 శాతం దాటొద్దు అంది, మనవాళ్లు తినేది 50 నుంచి 70. పప్పులు, గుడ్డు, మాంసం వాటా 15 దాకా ఉండాలి, ఉన్నది 6 నుంచి 9. అంటే బియ్యం తీసి మిల్లెట్ పెట్టినా గ్యాప్ అట్లనే ఉంటుంది, గ్యాప్ ఉన్నది పప్పు గిన్నెలో!

మరి ఎందుకు తినరు? జ్ఞానం లేక కాదు. 2020లో ఒక పేపర్ వచ్చింది, ఈట్-లాన్సెట్ డైట్‌ని లోకల్ ధరలతో లెక్కేస్తే ప్రపంచంలో కనీసం 158 కోట్ల మంది దాన్ని కొనలేరు, ఖర్చులో పెద్ద వాటా పళ్లు కూరగాయలదే. మన రాష్ట్రంలో 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఫ్రీ. జనం సంతోషంగా తింటున్నారు, దొడ్డు బియ్యంలా బయట అమ్ముకునే అవసరం తగ్గింది, అది మంచిదే, కానీ దాంతోపాటు కిలో కందిపప్పు అదే సంచిలో పడితే రక్తం తక్కువున్న ఆడవాళ్ల ఈ 57.6 శాతం అనే అంకె ఎంత కదులుతుందో ఎవరన్నా కొలవాలి. ఇదిగో నీకు టాపిక్.

—

సైదాబాద్_అమ్మాయి:

అమ్మో, ఇంత వస్తుందనుకోలేదు, థాంక్స్ అందరికీ. తార్నాక అక్కా, ఆ 14 గ్రాముల రెడ్ మీట్ సంగతి ఎవరూ చెప్పలేదు. మన దగ్గర దాన్ని ఎట్లా చదవాలి?

—

తార్నాక_మెట్రో:

అది ప్రపంచ సగటు మనిషికి వేసిన లెక్క చెల్లీ, అంగన్‌వాడీ పిల్లాడి కంచంలో గుడ్డు తీసేయమని కాదు. ఈట్-లాన్సెట్ వాళ్లదే 2025లో రెండో రిపోర్ట్ వచ్చింది, అందులో న్యాయం అనే మాటకి చాలా చోటిచ్చారు: తిండి వల్ల పర్యావరణానికి జరిగే డ్యామేజీలో 70 శాతం పైగా ప్రపంచంలో బాగా డబ్బున్న 30 శాతం మంది వల్లేనట. కాబట్టి తగ్గించాల్సిన వాళ్లు వేరు, పెంచాల్సిన వాళ్లు వేరు, ఈ రెండు గుంపులూ హైదరాబాద్‌లో ఒకే గల్లీలో ఉంటాయి. పెళ్లిలో నాలుగు రకాల నాన్‌వెజ్ పెట్టి సగం పారేసేవాళ్లకి ఒక మాట, అదే హాల్లో గిన్నెలు కడిగే ఆమెకి ఇంకో మాట. ఒకే పోస్టర్ ఇద్దరికీ అంటిస్తేనే తేడా కొడుతుంది. ఇంకోటి, మన దగ్గర భూమి భారం అంటే మాంసమే కాదు, నీళ్లు నిలబెట్టిన వరి మళ్లలోంచి మీథేన్ వస్తుంది, బోర్ల నీళ్లు పోతాయి. వెజ్ తింటే చాలు గ్రీన్ అయిపోయాం అనుకునేవాళ్లు ఇది వినరు 😀

—

టీచరమ్మ_కూతురు:

మా అమ్మ అంగన్‌వాడీ టీచర్, అందుకని ఒక మాట రాస్తున్నా. ఆరోగ్యలక్ష్మి అనే ప్రభుత్వ స్కీమ్ కింద గర్భిణులకి, బాలింతలకి సెంటర్‌లోనే అన్నం, ఆకుకూర పప్పు, గుడ్డు, 200 ఎంఎల్ పాలు పెడతారు. అక్కడే కూర్చుని తినాలని రూల్ ఎందుకంటే ఇంటికి పంపితే ఆ గుడ్డు నలుగురికీ పంపకం అయిపోతుంది, ఆ వంతులు వేసేది కూడా కోడలే, తనకి మాత్రం వేసుకోదు.

సిటీకి వచ్చేసరికి కష్టం ఇంకో రకం. మా బస్తీలో అపార్ట్‌మెంట్ల పనికి పాలమూరు నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు పొద్దున్నే అడ్డా మీదకి పోతారు, మధ్యాహ్నం భోజనం టైంకి సెంటర్‌కి ఎవరొస్తారు? కూలి పోతుంది కదా. పేరు రిజిస్టర్‌లో ఉంటుంది, మనిషి ఉండదు. మొన్నటిదాకా ఉన్న సైట్ అయిపోతే అందరూ ఇంకో ఏరియాకి పోతారు, అక్కడ మళ్లీ మొదట్నుంచీ పేరు రాయించుకోవాలి. మీ సర్వే వాళ్లు కూడా పగటిపూటే వస్తారు, తాళం చూసి పోతారు. రాత్రి ఎనిమిదింటికి వచ్చి అడగండి అక్కా, అప్పుడు ఇంట్లో ఉంటారు, ఏం వండుతున్నారో కూడా కళ్లారా కనపడుతుంది.

—

పాత_పేపర్లు:

టీచరమ్మ కూతురి పాయింట్‌కి ప్లస్ వన్. వేస్ట్ మీద ఇంట్రెస్ట్ ఉంటే బోయిన్‌పల్లి మార్కెట్ చూడు, అక్కడ పారేసే కూరగాయల్లోంచి గ్యాస్, కరెంటు తీసే ప్లాంట్ ఉంది, టెక్నాలజీ మన తార్నాకలోని కెమికల్ టెక్నాలజీ రీసెర్చ్ సంస్థ ఐఐసీటీదే. బాగుంది కానీ నాకు మాత్రం ఒకటే ఆలోచన, రోజుకి పది టన్నుల దాకా చెత్తయ్యే ఆ టమాటా, క్యాబేజీలో ఎంత భాగం ఒకపూట ముందు ఏ హాస్టల్ వంటింటికో చేరేదో ఎవరన్నా చూశారా అని.

—

సైదాబాద్_అమ్మాయి:

రాత్రి ఎనిమిదికి బస్తీలో రీకాల్.. మా గైడ్ ఒప్పుకుంటారో లేదో గానీ అడుగుతా. అడ్డా కూలీ ఆడవాళ్లు, సెంటర్ భోజనం, రేషన్‌లో ఏం కొంటారు, ఇట్లా చిన్న స్టడీ. ఇప్పుడు మా అమ్మ ఫోన్ లాక్కుని ఇదంతా చదివి ఒకే ప్రశ్న వేసింది, జీతం ఎంత అని. ఎవరన్నా చెప్పండి ప్లీజ్.

—

తార్నాక_మెట్రో:

అమ్మగారికి నమస్కారాలు. నిజం చెప్పాలంటే మొదట్లో ప్రాజెక్ట్ పోస్టులే ఎక్కువ, అన్నీ కాంట్రాక్టే, ప్రాజెక్ట్ అయిపోతే మళ్లీ వెతుక్కోవాలి, అది దాచిపెట్టి లాభం లేదు. జేఆర్ఎఫ్ (యూజీసీ నెట్ పరీక్షతో వచ్చే రీసెర్చ్ ఫెలోషిప్) కొడితే 2023 నుంచి నెలకి 37,000, హెచ్ఆర్ఏ వేరే, దాంతో పీహెచ్‌డీలో చేరితే కొన్నేళ్లు కుదురుగా ఉంటుంది. హైదరాబాద్‌లో ఉండటం మాత్రం నీకు ప్లస్సే: తార్నాకలో ఎన్‌ఐఎన్, రాజేంద్రనగర్‌లో మిల్లెట్స్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, పటాన్‌చెరులో మెట్ట పంటల మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్, అన్నీ బస్సు దూరమే. యూజీసీ నెట్‌కి అప్లై చేసేటప్పుడు లిస్టులో న్యూట్రిషన్ అని వెతక్కు, దొరకదు, హోమ్ సైన్స్ కింద ఉంటుంది.