రోజంతా తెలుగు టైపు చేసేవారు ఎలాంటి కీబోర్డు కొనాలి?

అనువాదిని:
అందరికీ నమస్కారం. మధ్యాహ్నం భోజనం చేసి కూర్చున్నదాన్ని చీకటి పడేదాకా కొత్త కీబోర్డు కోసం వెతుకుతూనే ఉన్నాను, ఇప్పటికీ ఏదీ తేల్చుకోలేకపోయాను. ఒకచోట కీల కింద రబ్బరు పొర ఉండే మెంబ్రేన్ చాలంటారు, ఇంకోచోట ప్రతి కీకీ విడి స్విచ్చు ఉండే మెకానికల్ తప్ప మరొకటి ముట్టుకోవద్దంటారు. ఆ మెకానికల్‌లో మళ్ళీ ఎరుపు, నీలం, గోధుమ రంగు స్విచ్చులంటారు. అది అర్థమయ్యేలోపు అరవై శాతం, డెబ్బై అయిదు శాతం అంటూ పరిమాణాల లెక్క మొదలవుతుంది. నేను అనువాదాలు చేస్తాను, రోజంతా టైపు చేయడమే నా పని. ఇప్పుడున్న దానిమీద పనిచేస్తే సాయంత్రానికి కుడిచేతి చిటికెన వేలు, దాని కింద అరచేతి అంచు లాగేస్తున్నాయి. బల్లమీద చోటు తక్కువ కాబట్టి 61 కీలున్న చిన్న కీబోర్డు ఒకటి చూసి పెట్టుకున్నాను. అయిదు వేల లోపు ఖర్చు పెట్టగలను. సమీక్షలు చదివే ఓపిక నాకిక లేదు. ఏది కొనాలో తెలిసినవారు సూటిగా చెబితే మేలు చేసినవారవుతారు.

స్విచ్చుల సంచి:
బ్రౌన్ స్విచ్చులున్న 87 కీల మెకానికల్ కీబోర్డు తీసుకోండి. ఇంతకు మించి ఆలోచించనవసరం లేదు.

ముద్రాపకుడు:
అమ్మా, టైపు చేయడమే వృత్తి అయినవారు ఈ రంగుల వెంట పడకూడదు. మన డీటీపీ సెంటర్లలో, ఆఫీసుల్లో చాలాచోట్ల కనిపించే టీవీఎస్ గోల్డ్ ఒకటి తెచ్చుకోండి. దాని కీ నొక్కితే టక్కుమని చప్పుడు చేస్తుంది, అక్షరం పడిందని వేలికీ చెవికీ ఒకేసారి తెలుస్తుంది, కాబట్టి తెర వైపు చూడకుండా రాతప్రతి చూస్తూ పేజీలకు పేజీలు కొట్టుకుంటూ పోవచ్చు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు లోయరు, హయ్యరు పాసై వచ్చినవారికి ఆ గట్టిదనం చేతికి హాయిగా ఉంటుంది. ఎలాగూ మీరు వాడేది యాపిల్ కీబోర్డే అయి ఉంటుంది, దానికి అన్ని కీలూ ఉన్న పెద్దదే అనుకూలం.

అనువాదిని:
యాపిల్ కీబోర్డు నా దగ్గర లేదండీ, దాని ధర నేను పెట్టుకోగలిగింది కాదు. నాది విండోస్.

లిపిప్రియ:
ఇక్కడ ఇద్దరూ రెండు వేర్వేరు వస్తువుల గురించి మాట్లాడుతున్నారు. ముద్రాపకుడు గారు చెప్పింది అమెరికా కంపెనీ అమ్మే వస్తువు గురించి కాదు. తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేరు అను స్క్రిప్ట్ మేనేజర్‌లో ఏ కీకి ఏ అక్షరమో చెప్పే అమరికల్లో ఒకదాని పేరు యాపిల్, ఇంకొకదాని పేరు మాడ్యులర్. బల్లమీద పెట్టుకునే వస్తువునూ అక్షరాల అమరికనూ ఒకే మాటతో పిలిచినంతకాలం ఈ చర్చ తెగదు.

ఈ సందర్భంలో ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. తెలుగు టైపు చేయడానికి ప్రమాణంగా నిలవవలసింది ఇన్‌స్క్రిప్ట్. కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో భారతీయ లిపులకు ఉమ్మడి అమరికగా దీన్ని రూపొందించింది, 1991లో వచ్చిన ఐఎస్ 13194 ప్రమాణంలో ఇది భాగమైంది. అచ్చులు, గుణింతాల గుర్తులు ఎడమచేతి కింద ఉంటాయి, హల్లులు చాలావరకు కుడిచేతి కింద ఉంటాయి. హిందీలో క ఎక్కడ ఉందో తెలుగులోనూ కన్నడంలోనూ అక్కడే ఉంటుంది, కాబట్టి ఒక్కసారి నేర్చుకున్నవారికి మిగతా భాషలూ చేతికి వస్తాయి. 'అమ్మ' అని రాయాలంటే షిఫ్టుతో అ, ఆపైన మ, పొల్లు, మ అని నాలుగు కీలు నొక్కితే చాలు. మనసులో అక్షరం ఎలా ఏర్పడుతుందో వేలు కూడా అదే వరుసలో నడుస్తుంది. విండోస్‌లో తెలుగు కీబోర్డును కలుపుకొంటే వచ్చేది ఇదే, ప్రత్యేకంగా ఏదీ కొనక్కరలేదు. అను ఖతులతో (ఫాంట్లతో) కొట్టిన పాఠం మాత్రం అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ కాదు కాబట్టి, ఆ ఖతి లేనిచోట అర్థంలేని గుర్తులుగా మారిపోతుంది, వెతికినా దొరకదు. ఇంత నష్టం తెలిసి కూడా ఆ అమరికనే కొత్తవారికి చెప్పడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ముద్రాపకుడు:
లిపిప్రియ గారూ, మీరు చెప్పిన నష్టం నిజమే, కానీ అది అను ఖతులది, అమరికది కాదు. అదే యాపిల్ అమరికతో యూనికోడ్‌లో రాసే ఉపకరణాలు వచ్చి చాలాకాలమైంది. ఒక అమరికలో వేళ్ళు పండిపోయిన మనిషిని మొదటినుంచి నేర్చుకోమంటే నెలల తరబడి కూలి పోతుంది. అచ్చు పనిలో పేజీ లెక్కన డబ్బు తీసుకునేవారికి అది చిన్న విషయం కాదు. పాత పేజ్‌మేకర్ ఫైళ్ళు తెరిచి పునర్ముద్రణకు సిద్ధం చేసే పని ఇప్పటికీ ఉంది, ఆ పని విండోస్‌తో వచ్చే ఇన్‌స్క్రిప్ట్‌తో ముందుకు సాగదు.

తుంగభద్ర:
పెద్దలిద్దరూ ఒక్క క్షణం ఆగితే, అడిగినవారికి అవసరమైన సంగతులు కనుక్కుందాం. అనువాదిని గారూ, మీరు తెలుగు ఏ పద్ధతిలో టైపు చేస్తారు? లేఖినిలాగా ఇంగ్లీషు అక్షరాలతోనా, ఇన్‌స్క్రిప్ట్‌తోనా? ఇప్పుడు వాడుతున్నది లాప్‌టాప్‌కు ఉన్న కీబోర్డా, విడిగా కొన్నదా? మీరు పనిచేసే గదిలో ఇంకెవరైనా ఉంటారా? ఈ మూడూ తెలియకుండా ఎవరు ఏ పేరు చెప్పినా అది వారి చేతికి సరిపోయినదే అవుతుంది, మీ చేతికి కాదు.

అనువాదిని:
ఇవన్నీ చెప్పాలని నాకు తోచలేదు. ఇన్‌స్క్రిప్టే వాడతాను, విండోస్‌తో వచ్చినదే. లాప్‌టాప్‌ను పుస్తకాల మీద ఎత్తుగా పెట్టి, దాని కీబోర్డు మీదే కొడతాను. ఎక్కువ పని పిల్లవాడు నిద్రపోయాక, అదే గదిలో జరుగుతుంది.

తుంగభద్ర:
అయితే సగం సమాధానం మీ మాటల్లోనే ఉంది. ముందుగా ఆ 61 కీల కీబోర్డును పక్కన పెట్టండి. ఇన్‌స్క్రిప్ట్‌లో ఒకటి అంకెకు ఎడమవైపు, ట్యాబ్ కీకి పైన ఉన్న కీ మీద హ్రస్వ ఒత్వం (ొ) ఉంటుంది, షిఫ్టుతో నొక్కితే ఒ పడుతుంది. ఇంగ్లీషు రాసేవారికి ఆ కీతో పెద్దగా పని లేదు కాబట్టి, 61 కీల తయారీలో దాన్ని తీసేసి ఆ చోట ఎస్కేప్ పెడతారు. మనకేమో 'ఒక', 'కొత్త', 'మొదలు', 'పొలం', 'రొట్టె' అనే మాటలు రాయాలంటే ప్రతిసారీ అదే కావాలి. ఆ చిన్న కీబోర్డు మీద ఒక్క 'ఒ' కోసం ఫంక్షన్ కీ, షిఫ్టు, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కవలసి వస్తుంది. 65 శాతం అని అమ్మేవాటిలో కూడా చాలావాటిదీ ఇదే తీరు, కాబట్టి బొమ్మలో ఆ మూల చూడకుండా ఏదీ కొనవద్దు.

ఇక మీ చిటికెన వేలి సంగతి. పది వేళ్ళ పద్ధతిలో ఇన్‌స్క్రిప్ట్ కొట్టేవారికి జ, చ, ట, డ, య అనే అయిదు హల్లులూ కుడి చిటికెన వేలికే వస్తాయి. అచ్చులన్నీ ఎడమచేతి వైపు షిఫ్టుతో ఉన్నాయి కాబట్టి అ, ఆ, ఇ, ఈ, ఉ ఏది రాయాలన్నా కుడివైపు షిఫ్టును నొక్కిపట్టేది కూడా ఆ వేలే. ఎంటర్, బ్యాక్‌స్పేస్ దానివే. తెలుగులో ఎన్ని మాటలు అచ్చుతో మొదలవుతాయో చూస్తే, ఆ వేలు సాయంత్రానికి ఎందుకు లాగుతుందో అర్థమవుతుంది. కాబట్టి మీకు రెండు లక్షణాలు ముఖ్యం: కుడి షిఫ్టు వెడల్పుగా ఉండాలి, కీ తేలికగా దిగాలి. పూర్తి పరిమాణంలోనూ 87 కీల దానిలోనూ కుడి షిఫ్టు మామూలు కీకి రెండు ముప్పావు రెట్లు వెడల్పు ఉంటుంది. 75 శాతం, 65 శాతం వాటిలో బాణపు కీలను ఇరికించడానికి దాన్ని సాధారణంగా ఒకటి ముప్పావుకు కోసేస్తారు, అప్పుడు వేలు వెతుక్కోవలసి వస్తుంది. తేలికదనానికి వస్తే, చెర్రీ కంపెనీ ఎంఎక్స్ స్విచ్చుల లెక్కలో రెడ్ స్విచ్చును దించడానికి సుమారు 45 గ్రాముల బరువు, బ్రౌన్‌కు 55, బ్లూకు 60 కావాలి. పది గ్రాముల తేడా ఒక్కసారికి తెలియదు, రోజంతా తెలుస్తుంది. పిల్లవాడు పడుకున్న గదిలో బ్లూ వద్దే వద్దు, టక్కుమనే ఏ కీబోర్డూ పనికిరాదు. రెడ్‌లోనే చప్పుడు తగ్గించిన సైలెంట్ రెడ్ దొరుకుతుంది, ధర కొంచెం ఎక్కువైనా మీకు అదే తగినది.

స్విచ్చుల సంచి:
కీల పనిని మార్చుకోనిచ్చే వయా సాఫ్ట్‌వేరుకు లొంగే 61 కీల కీబోర్డు కొంటే ఎస్కేప్ స్థానంలో ఆ కీని శాశ్వతంగా పెట్టుకోవచ్చు. సమస్య అక్కడితో తీరిపోతుంది.

తుంగభద్ర:
పెట్టుకోవచ్చు, కాదనను. కానీ అప్పుడు ఎస్కేప్‌కు వేరే చోటు వెతకాలి, పై వరుస ఎఫ్ కీలు లేకపోవడం అలాగే ఉంటుంది. అనువాదపు సాఫ్ట్‌వేర్లలో ఆ ఎఫ్ కీలతో సత్వర ఆదేశాలు చాలా ఉంటాయి. అయిదు వేల లోపు వయా ఉన్నదాన్నే వెతకమంటే ఆవిడ మళ్ళీ చీకటి పడేదాకా కూర్చోవాలి.

వరంగల్‌వాసి:
నొప్పికి మెకానికల్ కీబోర్డే మందు అన్నట్టు మాట్లాడటం నాకు నచ్చలేదు. లాప్‌టాప్ కీ ఒకటి ఒకటిన్నర మిల్లీమీటరు లోతు మాత్రమే దిగుతుంది; మెకానికల్ కీ నాలుగు మిల్లీమీటర్లు దిగుతుంది, అడుగుదాకా గుద్దే అలవాటున్నవారికి శ్రమ పెరగవచ్చు కూడా. పైగా మెకానికల్ కీబోర్డు ముందు అంచు ఎత్తుగా ఉంటుంది, వెనుక భాగాన్ని ఇంకా ఎత్తేలా కాళ్ళు తెరిచి పెట్టుకుంటే మణికట్టు పైకి వంగిపోతుంది. ఆ కాళ్ళను మూసేసి, మోచేయి లంబకోణంలో ఉండేలా కుర్చీ సరిచేసుకుని, ముంజేయి మణికట్టు ఒకే గీతలో ఉండేలా కూర్చోవాలి. ఇప్పుడు మీరు లాప్‌టాప్‌ను పుస్తకాలమీద ఎత్తి, ఆ ఎత్తులోనే చేతులు పెట్టి కొడుతున్నారు, అసలు కారణం అదే అయి ఉండవచ్చు. తెర ఎత్తులో ఉండాలి, కీబోర్డు బల్లమీద కిందికి ఉండాలి. విడిగా ఏ కీబోర్డు తెచ్చినా, ఆరు వందల రూపాయల మెంబ్రేన్ తెచ్చినా, ఈ మేలు జరుగుతుంది. వేలు తిమ్మిరెక్కుతుంటే మాత్రం కీబోర్డు కొనడానికి ముందే వైద్యుడికి చూపించండి.

తుంగభద్ర:
ఈ మాటలన్నీ నిజం, నేను ముందే చెప్పవలసినవి. దీనికి తోడు విండోస్‌లో స్టిక్కీ కీస్ అనే సదుపాయం ఉంది. షిఫ్టును వెంటవెంటనే అయిదుసార్లు నొక్కితే అది అడుగుతుంది, సరే అంటే చాలు. ఆ తరువాత షిఫ్టును నొక్కిపట్టుకోకుండా, ఒకసారి నొక్కి వదిలేసి, అప్పుడు అచ్చు కీని నొక్కవచ్చు. అచ్చులకు ప్రతిసారీ షిఫ్టు కావలసిన ఇన్‌స్క్రిప్ట్‌లో దీనివల్ల చిటికెన వేలికి చాలా విశ్రాంతి దొరుకుతుంది, పైసా ఖర్చు లేదు.

లిపిప్రియ:
కీల మీద తెలుగు అక్షరాలు అంటించుకునే స్టిక్కర్లు కూడా దొరుకుతాయి, కానీ అనువాదిని గారికి అమరిక వచ్చు కాబట్టి వాటి అవసరం లేదనుకుంటాను. అంటించుకుంటే జిగురు తేలి కీ అంచులు మురికి పడతాయి. కొత్తగా నేర్చుకునేవారు అచ్చుతీసిన పటాన్ని తెర పక్కన పెట్టుకోవడం మంచిది, కీలవైపు చూసే అలవాటు మొదట్లోనే తప్పుతుంది.

ముద్రాపకుడు:
ఆ పటంలో యాపిల్ అమరిక కూడా ఒకటి అచ్చువేసి ఇస్తే, మా సెంటరుకు వచ్చే పిల్లలకు పంచుతాను.

లిపిప్రియ:
అది మీరే తయారుచేయండి, నేను తప్పులు చూసి పెడతాను.

అనువాదిని:
ధన్యవాదాలు. 61 కీల దాన్ని తీసేసి, సైలెంట్ రెడ్ ఉన్న 87 కీలది ఆర్డరు చేశాను. స్టిక్కీ కీస్ పనిచేస్తోంది.

కొత్త సభ్యుడు:
ఇదే చర్చలో అడుగుతున్నందుకు మన్నించండి. బ్లూటూత్ కీబోర్డును ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్‌కు కలిపాను, ఇంగ్లీషు బాగానే పడుతోంది, తెలుగుకు మారడం లేదు. ఎవరికైనా తెలుసా?