పాత అబ్రకం గని మళ్లీ తెరుస్తున్నారు, లోపలి గబ్బిలాలను ఏం చేయాలి?

సైదాపురం_వాసి
అందరికీ నమస్తే. మాది నెల్లూరు వైపు సైదాపురం దగ్గర పల్లె. ఊరి వెనకున్న అబ్రకం గని మా నాయన కుర్రతనంలోనే మూతపడింది. ఇప్పుడు తెల్లరాయికి (క్వార్ట్జ్) గిరాకీ రావడంతో లీజుదారు మళ్లీ తెరుస్తున్నాడు, సైటు చూసుకునే పని నాకిచ్చారు. మొన్న పొద్దుగుంకే వేళ షాఫ్ట్ (గనిలోకి నిలువుగా దిగే గుంత) గట్టున కూర్చున్నా. ముందు ఒకటీ అరా వచ్చాయి, తర్వాత పొగ లేచినట్టు గబ్బిలాలు, చెవి పక్కనుంచి పోతుంటే రెక్కల గాలి తగులుతోంది. కాంట్రాక్టర్ మనిషేమో టైర్లు కాల్చి పొగబెడితే రెండు రోజుల్లో ఖాళీ అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. అలాగని పని ఆపమనీ అనలేను, ఊళ్లో చాలామంది ఈ కూలీ కోసమే చూస్తున్నారు. గని తెరవాలి, అవీ బతకాలి. ఏదైనా దారి ఉందా?

రిటైర్డ్_మైన్‌మేట్, గూడూరు
తమ్ముడూ, పొగ మాత్రం పెట్టనివ్వొద్దు. పెద్దవి ఎగిరిపోతాయి, ఎగరడం రాని పిల్లలు రాతికి అతుక్కుని అక్కడే చస్తాయి. పురుగులు తినే గబ్బిలాలు చాలావాటికి ఏడాదికి ఒక్క పిల్లే, ఒక ఈత పోయిందంటే ఆ గుంపు కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. పైగా పాత సొరంగాల్లో గాలి ఆడదు, ఆ పొగ అక్కడే నిలిచి రేపు దిగే కూలీల ప్రాణం మీదికొస్తుంది. చూద్దామని నువ్వూ లోపలికి దిగొద్దు. నిలవ గాలి, నీళ్లు, ఎప్పుడు ఊడుతుందో తెలియని పైకప్పు, ఇవన్నీ నేను చూసినవే.

లెక్క బయటినుంచే పెట్టు. సూర్యాస్తమయానికి అరగంట ముందే కూర్చోవాలి, టార్చికి ఎర్ర కాగితం చుట్టాలి. పాత గనికి ఒక్క నోరు ఉండదు, గాలి కోసం తవ్విన బావులు తుప్పల్లో దాగి ఉంటాయి, ఒకే సాయంత్రం ఒక్కోదాని దగ్గర ఒక్కో మనిషిని పెట్టు. ఒక్కసారి చూసి తేల్చేయొద్దు, ఎండాకాలం ఉన్న గుంపు వానాకాలం ఉండకపోవచ్చు. ఇంకోమాట, 2015లో అబ్రకం, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ అన్నీ చిన్న తరహా ఖనిజాల్లోకి వచ్చాయి, 2025లో కేంద్రం వాటిని మళ్లీ ప్రధాన ఖనిజాల్లోకి మార్చింది. లీజు ఇచ్చేది రాష్ట్రమే, కానీ గని భద్రత మాత్రం కేంద్రంలోని డీజీఎంఎస్ (గనుల భద్రతా డైరెక్టరేట్) చూస్తుంది. తెరిచే ముందు వాళ్లకు నోటీసు ఇవ్వాల్సిందే, ఆ సర్వే చేసేటప్పుడే గబ్బిలాల సంగతీ రాయించు.

నిమ్మతోట_పొదలకూరు
అన్నా, ఏమీ అనుకోవద్దు, మా ఇంట్లో చిన్నపిల్లలున్నారు, గబ్బిలాల నుంచి వచ్చే నిపా వైరస్ అంటే నాకు నిజంగా భయం. తోటల మీద పడేవీ ఇవే కదా? వాటిని కాపాడి మనం జబ్బులు తెచ్చుకోవాలా?

బయాలజీ_టీచర్, కనిగిరి
మీ భయం అర్థమైంది, అబద్ధమూ కాదు. అయితే 2018లో కేరళలో నిపా వచ్చినప్పుడు వైరస్ దొరికింది చెట్లకు వేలాడే పెద్ద పండ్ల గబ్బిలాల్లో. గనుల్లో ఎక్కువగా ఉండేవి పురుగులు తినే చిన్నవి. పండ్లు తినే రకం ఒకటి గుహల్లో ఉంటుంది కాబట్టి ఏ జాతో తెలిసినవాళ్లకు చూపించాకే మాట్లాడాలి. ఏదైనా సరే ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, రెట్ట ఊడ్చేటప్పుడు ఎన్95 మాస్కు తప్పనిసరి, ఆ దుమ్ములోని ఫంగస్ ఊపిరితిత్తులకు పట్టే ప్రమాదముంది. వాటిని తరిమితే జబ్బు పోదు, చెదిరి ఊళ్లోని పాడుబడ్డ ఇళ్లలో చేరతాయి. ఇక పంట సంగతంటారా, థాయ్‌లాండ్‌లో గుహల గబ్బిలాలు వరికి పట్టే తెల్లవీపు దోమను తింటాయని తేలింది. వరి పండించే నెల్లూరోళ్లకు దోమంటే ఏంటో నేను చెప్పాలా!

అమెరికాలో పాత గనుల నోళ్లకు అడ్డ కమ్మీల గేటు పెడతారు, కమ్మీకీ కమ్మీకీ మధ్య దాదాపు 15 సెంటీమీటర్లు, మనిషి దూరలేడు, గబ్బిలం దూరుతుంది. మిషిగన్‌లో ఐరన్ మౌంటెన్ అనే ఊళ్లో ఇనుప గని షాఫ్ట్‌కు 1993లో అలాగే పంజరం కట్టారు. కానీ పెద్ద గుంపులు, కొన్ని జాతులు గేటును ఒప్పుకోవు, వదిలేసి పోతాయి. మన పక్కనే కోలారు జిల్లా హనుమనహళ్లిలో ఒకే ఒక్క గుహలో మిగిలిన గబ్బిలం జాతి ఉంది, దాన్ని అంచుకు నెట్టింది చుట్టూ జరిగిన గ్రానైట్ తవ్వకాలే. చట్టం సంగతికొస్తే, పండ్ల గబ్బిలాలను 1972 వన్యప్రాణి చట్టంలో ఎలుకలతో పాటు వర్మిన్ (హాని చేసే జంతువుల) జాబితాలో పెట్టారు, 2022 సవరణతో ఆ జాబితానే ఎత్తేశారు.

తప్పనిసరిగా ఖాళీ చేయించాల్సి వస్తే పిల్లలు ఎగిరే వయసొచ్చాకే చేయాలి. అవి మేతకు పోయాక నోటికి కోళ్ల జాలీ వేలాడదీయాలి, లోపల మిగిలినవి పాక్కుంటూ బయటికొస్తాయి గానీ తిరిగి దూరడానికి ఇష్టపడవు. కొన్ని రాత్రులు అలా ఉంచాక పని మొదలుపెట్టొచ్చు. వాటికి పోవడానికి దగ్గర్లో ఇంకో పాత సొరంగం మిగలాలి, లేకపోతే ఇదంతా దండగ.

సైదాపురం_వాసి
చాలా థ్యాంక్స్. నిన్న ముగ్గురం మూడు చోట్ల కూర్చున్నాం. షాఫ్ట్‌లోంచి వచ్చినవి కొన్నే, అసలు గుంపంతా తూర్పున తుమ్మ చెట్ల కింద ఉన్న గాలి బావిలోంచి వస్తోంది. ఆ పక్క తెల్లరాయి తక్కువని పాత కూలీలు చెప్పారు. ఆ బావిని వదిలేసి, మధ్యలో గోడ కట్టి గాలి అటు మారకుండా చూద్దామని లీజుదారుతో అన్నా. సరేనని మాటివ్వలేదు గానీ పొగ పెట్టించడం మాత్రం ఆపాడు. టీచర్ గారూ, గోడ ఎంత దూరంలో ఉంటే బ్లాస్టింగ్ అదురు అటు తగలదు? తెలిసినవాళ్లెవరైనా ఉంటే కాస్త కనుక్కుని చెప్పండి, సోమవారం సర్వేయర్ వస్తున్నాడు.