స్టెంట్ ఉన్నవాళ్లకి పెద్ద పాలిప్ తీస్తే రక్తం పోకుండా ఏం చూసుకోవాలి?

కూకట్‌పల్లి కోడలు:
మా మామయ్యగారికి 68 ఏళ్లు. పెద్దపేగు కుడివైపున 2 సెంటీమీటర్లు దాటిన చదును పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగిన కండ) ఉందన్నారు, వచ్చే గురువారం తీస్తారట. రెండేళ్ల కింద గుండెకి స్టెంట్ పడింది. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిసిన మాత్ర వాడుతున్నారు. ఆదివారం ఖమ్మంలో మేనకోడలి పెళ్లి. "కడుపు కొయ్యట్లేదు కదా, పోతా" అని పట్టు మీదున్నారు. ఆ మాత్ర ఇప్పుడే ఆపాలా? కారం మాన్పిస్తే చాలా?

మల్కాజ్‌గిరి మూర్తి:
మా బావకి వారం ముందే అన్నీ ఆపేశాం, ఏం కాలేదు. ఆపేయండి.

ఎండోస్కోపీ సిస్టర్ (రిటైర్డ్):
మూర్తిగారూ, మీ బావగారికి స్టెంట్ ఉందా? పేగులో రక్తం కారితే మళ్లీ స్కోప్ (కెమెరా గొట్టం) వేసి ఆపొచ్చు. స్టెంట్‌లో గడ్డ కడితే గుండెపోటే.

అమ్మా, మామూలుగా ఆస్పిరిన్ ఆపరు. క్లోపిడోగ్రెల్ 5 నుంచి 7 రోజుల ముందు ఆపమంటారు, అదీ గుండె డాక్టరు సరేనంటేనే. మీ చిక్కల్లా ఆ కలిపిన మాత్రతోనే, అది మానితే రెండూ పోతాయి. స్ట్రిప్పు పట్టుకుని రేపే గుండె డాక్టరు దగ్గరికి వెళ్లండి, విడిగా ఆస్పిరిన్ రాయించుకోండి.

ఇక రక్తం సంగతి. సెంటీమీటరు లోపు పాలిప్‌ని కరెంటు లేకుండా ఉత్త తీగ ఉచ్చుతో కోసేస్తారు, తర్వాత రక్తం రావడం అరుదు. పెద్దవాటిని ఎక్కువగా కరెంటు పెట్టి తీస్తారు. ఆ కాలిన పెచ్చు కొన్ని రోజులకి ఊడుతుంది, అప్పుడు మొదలవుతుంది రక్తం. అందుకే రెండు వారాల జాగ్రత్త. కుడివైపు పెద్ద పాలిప్ తీసిన పుండుని చిన్న లోహపు క్లిప్పులతో మూస్తే తేడా బాగా కనిపిస్తుంది: 2019లో వచ్చిన అధ్యయనంలో కుడివైపు పాలిప్‌లకి క్లిప్పులు వేస్తే 3.3 శాతం మందికి, వేయకపోతే 9.6 శాతం మందికి తర్వాత తీవ్రంగా రక్తం పోయింది. మీవాళ్లది సరిగ్గా అలాంటిదే, డాక్టరుని అడగండి. చిన్న పాలిప్‌లకి వేస్తే బిల్లు పెరగడమే. వేస్తే డిశ్చార్జి కాగితంలో రాయించండి, ఎమ్మారై తీసేవాళ్లకి చెప్పాలి.

కారం సంగతి తర్వాత. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ ముందు దాచేయండి. బీపీ మాత్ర మాత్రం మానొద్దు.

కూకట్‌పల్లి కోడలు:
అక్కా, మరి పెళ్లి? రక్తం ఎంత వస్తే భయపడాలి?

ఎండోస్కోపీ సిస్టర్ (రిటైర్డ్):
ఒకటి రెండు చారికలు కనిపిస్తే కంగారొద్దు. గడ్డలు గడ్డలుగా పడినా, మళ్లీ మళ్లీ కమోడ్ ఎర్రబడినా, కళ్లు తిరిగినా తిన్నగా ఎమర్జెన్సీకే. చాలామందికి దానంతటదే ఆగుతుంది, కానీ ఆ సంగతి ఇంట్లో కూర్చుని తేల్చుకునేది కాదు. ఫోన్లో ఫోటో తీసుకోండి. "కొంచెమే సిస్టర్" అంటూ వచ్చి కుర్చీలోంచి లేవలేని పెద్దాయన్ని చూశాను, ఆయన లెక్కలో కొంచెమే మరి. రాత్రిపూట స్కోప్ వేసే చోటు దగ్గర్లో లేకుండా మూడో రోజు ప్రయాణమంటే నేనైతే ఒప్పుకోను. ఆపిన మాత్ర మళ్లీ ఎప్పటినుంచో కూడా రాయించుకోండి, చాలామంది అదే మర్చిపోతారు.

కూకట్‌పల్లి కోడలు:
గుండె డాక్టరు ఆస్పిరిన్ విడిగా రాశారు. క్లోపిడోగ్రెల్ ఆపడానికి రోజులు చాలవని, పాలిప్ తీయడం పెళ్లయ్యాకకి జరిపారు. కొన్ని రోజులు ఆగితే నష్టం లేదట. మామయ్యగారు అప్పుడే వంటవాళ్లకి ఫోన్లు మొదలుపెట్టారు.