అమ్మాయి నిద్రకు వాచీ, యాప్ ఎంతవరకు పనికివస్తాయి?

ప్రశ్న
మా అమ్మాయికి పదిహేనేళ్లు. రాత్రి పన్నెండు దాటితే గాని నిద్ర పట్టదు, ఉదయం బడికి లేపడం రోజూ కష్టమవుతోంది. నిద్రను లెక్కకట్టే వాచీ కొనిచ్చాము. కళ్లు తెరవగానే అందులో స్కోరు చూసుకుంటుంది. అప్పటిదాకా హుషారుగా ఉన్నా, స్కోరు తక్కువగా కనబడితే నీరసంగా ఉందంటుంది. ఈ వాచీని కొనసాగించాలా, నిద్ర యాప్‌లు ఇంతకన్నా మేలా?

జవాబు 1
ఆలస్యంగా నిద్ర రావడం ఆమె మొండితనం కాదని ముందు గ్రహించాలి. యుక్తవయసులో, నిద్రవేళ అయిందని శరీరానికి తెలిపే మెలటోనిన్ అనే హార్మోను విడుదల గంట, రెండు గంటలు ఆలస్యమవుతుంది. బడి వేళ మాత్రం మారదు. 13–18 ఏళ్లవారికి 8–10 గంటల నిద్ర అవసరమని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సూచించింది.

వాచీ కదలికలను, గుండె వేగాన్ని బట్టి అంచనా వేస్తుందే తప్ప మెదడును చూడలేదు. అందుకే కదలకుండా మెలకువగా పడుకున్న సమయాన్ని కూడా తరచుగా నిద్రలోనే కలుపుతుంది. గాఢనిద్ర ఎంత, కలల నిద్ర ఎంత అని అది చూపే లెక్కను అసలు పట్టించుకోనక్కరలేదు. స్కోరు కోసం ఆరాటపడి నిద్ర పాడుచేసుకునే ధోరణికి 2017లో వైద్యులు ‘ఆర్థోసోమ్నియా’ అని పేరు కూడా పెట్టారు. స్కోరు కనబడకుండా చేసి, పడుకున్న వేళ, లేచిన వేళ మాత్రం వారానికోసారి మీరిద్దరూ కలిసి చూడండి.

జవాబు 2
యాప్‌లన్నీ ఒకటి కావు. వాన చప్పుడు వినిపించేవి వేరు, నిద్రలేమికి వాడే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీని (నిద్రను చెడగొట్టే ఆలోచనలను, అలవాట్లను మార్చే చికిత్స) అంచెలంచెలుగా నేర్పేవి వేరు. నెదర్లాండ్స్‌లో యుక్తవయసు పిల్లలపై జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంటర్నెట్ ద్వారా ఇచ్చిన ఈ చికిత్సతోనూ నిద్ర మెరుగుపడింది. అలాంటి యాప్ ఎంచుకుంటే, పడుకున్న, లేచిన వేళలు రాసుకునే నిద్ర డైరీని ఉదయమే నింపమనండి. రాత్రి నింపాలంటే ఫోను మళ్లీ పడక మీదికి చేరుతుంది.

ఒక్క మాట చెప్పండి: సెలవు రోజుల్లో ఆమె నిద్ర ఎలా ఉంటుంది?

ప్రశ్న అడిగినవారు
ఒంటిగంటకు పడుకుని పది దాకా హాయిగా నిద్రపోతుంది.

జవాబు 2
అలాగైతే ఇది నిద్రలేమి కన్నా, శరీర గడియారం ఆలస్యంగా నడవడం కావచ్చు. సెలవు రోజుల్లో లేచే వేళను కొద్దికొద్దిగా ముందుకు తెచ్చి, లేవగానే ఆరుబయట వెలుతురులో కాసేపు ఉండనివ్వండి. ఈ మార్పు నిలుస్తోందో లేదో చూడటానికి మీ వాచీ సరిపోతుంది. గురక, పగటిపూట ఆపుకోలేని నిద్ర, ఎడతెగని దిగులు ఉంటే మాత్రం యాప్‌లతో కాలయాపన చేయక వైద్యుణ్ణి కలవండి.