జీఎస్టీ పోయాక కూడా అమ్మానాన్నల హెల్త్ పాలసీ ప్రీమియం ఎందుకు పెరిగింది?

తెనాలి అమ్మాయి:
నాన్నకు 68, అమ్మకు 63. ఇద్దరికీ కలిపి పది లక్షల ఫ్లోటర్ పాలసీ. ఏడేళ్లుగా ఆపకుండా కడుతున్నాం. నిరుడు 52,000 కట్టాం. ఈసారి 55,400 అని నోటీసు వచ్చింది. "మూడు వేలేగా, కట్టేద్దాం" అన్నాడు అన్నయ్య. నేను పాత రసీదు తీసి పక్కన పెట్టి చూశాను. నిరుడు కట్టినదాంట్లో 18 శాతం జీఎస్టీ ఉంది. అది తీసేస్తే అసలు ప్రీమియం 44,000 చిల్లరే. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంతంగా తీసుకునే హెల్త్ పాలసీలకు జీఎస్టీ లేదు కాబట్టి ఈ 55,400 మొత్తం కంపెనీదే. అంటే పావు వంతు పెంచారు! ప్రభుత్వం వదులుకున్న పన్ను మా దాకా రానేలేదు.

60 దాటినవాళ్లకు ఏడాదికి పది శాతం మించి పెంచకూడదని బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో చెప్పింది కదా? ఫోన్ చేస్తే "సిస్టమ్‌లో అలాగే చూపిస్తోంది మేడమ్" అంటున్నారు. ఇక పాలసీ వద్దులేమ్మా అంటున్నారు నాన్న. ఆయనకు షుగర్ ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. రెన్యువల్‌కు ఇంకా రెండు నెలలుంది, ఏం చేయమంటారు?

పాత ఏజెంట్:
అమ్మా, ముందు పాలసీ మాత్రం వదలకండి. ఐదేళ్లు ఆపకుండా కట్టాక, మోసం రుజువైతే తప్ప, పాత జబ్బు దాచారని క్లెయిమ్ కొట్టేయడానికి వీల్లేదు. షుగర్ వెయిటింగ్ పీరియడ్, అంటే ముందునుంచీ ఉన్న జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని మొదటి కొన్నేళ్లు కూడా, మీకెప్పుడో అయిపోయి ఉంటుంది. ఇప్పుడు ఆపి మళ్లీ కొత్తది తీసుకుంటే అన్నీ మొదటికొస్తాయి.

పది శాతం అనేది పూర్తి నిషేధం కాదు. అంతకు మించి పెంచాలంటే కంపెనీ ముందుగా ఐఆర్‌డీఏఐని సంప్రదించాలి. కాబట్టి మెయిల్‌లో సూటిగా అడగండి: జీఎస్టీ కలపకుండా పెంపు ఎంత శాతం, దానికి ఐఆర్‌డీఏఐని సంప్రదించారా అని. వయసు స్లాబ్ మారిందంటే ఆ వాటా ఎంతో విడిగా రాయమనండి. జీఎస్టీతో పాటు కంపెనీలకు ఇన్‌పుట్ క్రెడిట్, అంటే తమ ఖర్చుల మీద కట్టిన జీఎస్టీని సర్దుకునే వీలు కూడా పోయింది, నిజమే. అందుకు కొంత పెంచామంటే సరే, పావు వంతు అంటే నేను ఒప్పుకోను. జవాబు రాకపోతే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. అక్కడా తేలకపోతే హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. వేరే కంపెనీకి పోర్ట్ అవ్వాలనుకుంటే, అంటే ఇన్నేళ్లు కట్టిన లాభం పోకుండా మారాలనుకుంటే మాత్రం రెన్యువల్‌కు 45 రోజుల ముందే అప్లై చేయాలి.

బిల్లింగ్ కౌంటర్:
కంపెనీని అడగాల్సిందే. కానీ ప్రీమియం పెరగడానికి ఆసుపత్రి బిల్లులూ ఓ కారణం. ఓ పెద్దాసుపత్రిలో బిల్లింగ్‌లో పనిచేశాను. పేషెంట్ రాగానే మా మొదటి ప్రశ్న "క్యాషా, ఇన్సూరెన్సా?" ఇన్సూరెన్స్ అంటే ప్రైవేట్ రూమ్ చూపించేవాళ్లం. రూమ్ మారితే అద్దె ఒక్కటే మారదు. సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీ, డాక్టర్ విజిట్, అన్నీ ఆ కేటగిరీ రేటుకు ఎక్కుతాయి. అదే ఆపరేషన్, అదే డాక్టర్. ఆ డబ్బు చివరికి మీ నాన్నగారి లాంటివాళ్ల ప్రీమియంలోకి వచ్చి చేరుతుంది.

క్యాష్‌లెస్ అనుమతి గంటలో, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలని 2024లో ఐఆర్‌డీఏఐ కంపెనీలకు గట్టిగా చెప్పగలిగింది. ఆసుపత్రుల రేట్ల మీద అలా చెప్పగలిగేవాళ్లు కావాలి. కేంద్రం నిర్ణయించిన రేట్ల పరిధిలోనే వసూలు చేయాలని ఆసుపత్రులకు వర్తించే క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ నిబంధనల్లో 2012లోనే రాసుకున్నారు. ఆ రేట్లు ఏవని 2024లో సుప్రీంకోర్టే అడగాల్సి వచ్చింది! ఇది కదలనంత కాలం ఏటా మీరిలా రసీదులు పక్కపక్కన పెట్టుకోవాల్సిందే.

విశాఖ వాసి:
మీ నాన్నగారికి 70 నిండగానే కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు తీయించండి. ఆదాయంతో పనిలేదు, ప్రైవేట్ పాలసీ ఉన్నా ఏడాదికి ఐదు లక్షల వరకు వైద్యం ఉచితం. అన్ని ఆసుపత్రుల్లో చెల్లదు కాబట్టి ఉన్న పాలసీ ఉండనివ్వండి.

తెనాలి అమ్మాయి:
అందరికీ థాంక్స్. రెండు రసీదులూ జతచేసి మెయిల్ పెట్టాను. పాలసీ ఆపడం లేదని నాన్నకు చెప్పేశాను. ఏజెంట్ గారూ, పోర్ట్‌కు అప్లై చేస్తే నాన్నకు మళ్లీ టెస్టులు చేయిస్తారా, ఉన్న షుగర్ రిపోర్టులు సరిపోతాయా?