ఆఫీసు స్నేహితురాలు నా విశ్వాసం గురించి అడుగుతోంది, ఎంతవరకు చెప్పాలి?

చీరాల అమ్మాయి (ప్రశ్న)

అందరికీ వందనాలు. నాది చీరాల. ఇప్పుడు హైదరాబాద్‌లో, కొండాపూర్ దగ్గర పీజీలో ఉంటూ సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా చేస్తున్నాను. టీమ్‌లో నాకు బాగా దగ్గరైన అమ్మాయి ఒకామె ఉంది, వాళ్ళది సిద్దిపేట. మధ్యాహ్నం ఒకే టేబుల్ దగ్గర తింటాం. నేను బాక్సు తెరిచి కళ్ళు మూసుకుంటే, తను కూడా అన్నం కలపకుండా ఆగుతుంది.

ఈమధ్య ప్రశ్నలు మొదలుపెట్టింది. "రోజూ ఆయనకి ఏం చెప్తావు?" అంటుంది. "బొట్టు పెట్టుకుంటే ఏమవుతుంది?" అంటుంది. మొన్న "మీ తాతలు బియ్యం కోసం మారారని మా మామయ్య అన్నాడు, నిజమేనా?" అని అడిగింది. వెటకారంగా కాదు, తెలుసుకుందామనే. నాకు గొంతు పట్టేసింది. "తర్వాత చెప్తా" అన్నాను.

మా సంఘంలో ఈ ఏడాది ఒక్కొక్కరు ఒక ఆత్మను యేసు దగ్గరికి నడిపించాలని చెప్తున్నారు. తనని అలా లెక్కపెట్టడం నాకు ఇష్టం లేదు. కానీ మా నాన్న పోయాక నన్ను నిలబెట్టింది యేసయ్యే. అంత పెద్ద సంగతి తనకి చెప్పకుండా ఉండటమూ కష్టంగానే ఉంది. మరోవైపు, ఎవరైనా విని మతం మారుస్తోందని హెచ్‌ఆర్‌కి చెప్తారేమోనని టెన్షన్. ఎలా మాట్లాడాలి, ఎక్కడ ఆపాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ఒంగోలు టైలరక్క

అమ్మా, నాకు ఒంగోల్లో చిన్న టైలరింగ్ షాపు ఉంది. జాకెట్లు, చుడీదార్లు, ఫాల్, పీకో. పొద్దున్నుంచి రాత్రిదాకా ఆడవాళ్ళతోనే పని. కొలతలు ఇస్తూ మాట్లాడతారు, హుక్కులు కుట్టేదాకా స్టూలు మీద కూర్చుని మాట్లాడతారు. నేను సాక్ష్యం, అంటే దేవుడు నాకు చేసింది, చెప్పేదంతా ఆ స్టూలు దగ్గరే.

మాట నేను ఎత్తను. వాళ్ళే ఎత్తుతారు. "ఉద్యోగం చేసేవాళ్ళకి కుదిరేదే ఆదివారం, ఆ రోజే మూస్తే ఎట్లా?" అంటారు. గోడ మీద వాక్యం క్యాలెండరు ఉంటే అది చదివి అర్థం అడుగుతారు. మిగిలిన గుడ్డ నేను మడతపెట్టి జాకెట్టుతో పాటే ఇచ్చేస్తాను. అడగకుండానే ఇచ్చావేంటమ్మా అని ఆశ్చర్యపోతారు. "నన్ను చూసేవాడు ఒకడున్నాడండీ" అంటాను. కొందరు నవ్వి వెళ్ళిపోతారు. కొందరు ఆగుతారు. ఆగినవాళ్ళకి ఇంకో రెండు మాటలు చెప్తాను. మొదటి పేతురు 3:15లో ఉన్నది కూడా ఇదే కదా, అడిగినవాళ్ళకి సాత్వికంగా జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని. నిన్ను అడుగుతున్నారు తల్లీ. సిద్ధంగా ఉండటమే నీ వంతు.

"రోజూ ఆయనకి ఏం చెప్తావు" అన్నది ఎంత మంచి ప్రశ్నో చూడు. దానికి త్రిత్వం, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్కడే దేవుడన్న సిద్ధాంతం, గురించి మొదలుపెట్టకు. ఈ రోజు పొద్దున నువ్వు నిజంగా ఏం చెప్పుకున్నావో అదే చెప్పు. అమ్మ షుగరు గురించా, రిలీజ్ గురించా, నాన్న గుర్తొచ్చి ఏడ్చావా, అదే. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టు గుడ్డివాణ్ణి పెద్దలు ఎంత గదమాయించినా, నాకు చూపు లేదు, ఇప్పుడు చూస్తున్నాను అన్నదొక్కటే పట్టుకుని నిలబడ్డాడు. తెలియనిది తెలియదన్నాడు. మీ నాన్న పోయిన తర్వాత నీకు జరిగింది నీకు తెలుసు. అది ఎవరూ కాదనలేరు.

బియ్యం మాటకి వస్తాను. ఇది మా జిల్లా సంగతి కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను. 1876 నుంచి 78 దాకా ఇక్కడ ఘోరమైన కరువు వచ్చింది. అప్పుడు ఒంగోల్లో క్లౌ దొర ఉన్నాడు, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. పెదగంజాం నుంచి దక్షిణంగా పోయే బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, కరువు పనిగా వేలమందికి కూలి ఇప్పించాడు. అప్పుడు బాప్తిస్మం కావాలని వచ్చినవాళ్ళు ఎంతోమంది. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని, కరువు సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కూలీ లేదు, బియ్యమూ లేదు, అయినా వచ్చారు.

వాళ్ళకి యేసు మాట ముందు చెప్పింది కూడా దొర కాదు. తాళ్ళకొండపాడులో యర్రగుంట్ల పేరయ్య అని తోళ్ళ పని చేసే మాదిగ మనిషి. క్లౌ దొర తన ఊరికి రాకముందే తాను నమ్మి, భార్య నాగమ్మకి చెప్పి, ఇరుగుపొరుగుకి చెప్పాడు. తోళ్ళు కొనడానికి ఊరూరూ తిరిగే మనిషి, పని మీద వెళ్ళిన చోట ఆ సంగతి మాట్లాడాడు. ఊరి బావి దగ్గరకి రానివ్వని రోజుల్లో, దేవుడు నన్ను పేరు పెట్టి పిలిచాడని అనడం ఎంత పెద్ద మాటో ఆలోచించు. మీ స్నేహితురాలికి ఇది చెప్పు. కోపంగా కాదు, మీ ఇంటి చరిత్ర చెప్పినట్టు చెప్పు. ఆశపడి వచ్చినవాళ్ళు అసలే లేరని మాత్రం వాదించకు, అందరి మనసులూ మనకి తెలియవు.

ఇంకొకటి. మా కస్టమరు ఒకామె భర్త పోయిన నెలకి పాత జాకెట్లు తెచ్చింది, చిక్కిపోయింది, అన్నీ లోపలికి కుట్టు వెయ్యాలి. కూర్చుని ఏడ్చింది. ఆ రోజు నేను వాక్యం ఎత్తలేదు. టీ తెప్పించి, విన్నాను. వెళ్ళేటప్పుడు "మా ఇంట్లో ప్రార్థన చేసుకునేటప్పుడు మీ పేరు చెప్పుకోమంటారా?" అని అడిగాను. సరే అంది. దుఃఖంలో ఉన్న మనిషి కాదనలేదు, కాబట్టి అక్కడే మనం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. చాలా నెలల తర్వాత తనే వచ్చి, నా పేరు ఇంకా చెప్తున్నావా అని అడిగింది. అప్పుడు చెప్పాను, సాయంత్రందాకా. ఆమె కార్తీక మాసంలో దీపాలు పెడుతుంది, క్రిస్మస్‌కి మా ఇంటికి వస్తుంది. ఆమె కోసం నా ప్రార్థన ఆగలేదు, స్నేహం కూడా ఆగలేదు.

మీ సంఘం వాళ్ళ భారం మంచిదే. కానీ ఈ అమ్మాయి నమ్మకపోయినా నీకు స్నేహితురాలే అన్నది ఆమెకి ముందే తెలిసి ఉండాలి.

హన్మకొండ నుంచి

నేను హిందువును, ఈ చర్చలో రాయొచ్చో లేదో అనుకుంటూనే రాస్తున్నా. నా దగ్గరి దోస్తు క్రైస్తవుడు. మీ స్నేహితురాలి స్థానంలో ఉన్నవాణ్ణి కాబట్టి ఒక మాట చెప్తే పనికొస్తుందనిపించింది.

మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఎవరో నలుగురు వార్డులోకి వచ్చి, ఎవర్నీ అడగకుండా మంచం చుట్టూ నిలబడి గట్టిగా ప్రార్థన చేశారు. అమ్మ భయపడింది. పోతూ పోతూ, మీరు విగ్రహాలు తీసేస్తేనే తగ్గుతుందన్నారు. ఆ మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు. అదే వారంలో నా దోస్తు రోజూ రాత్రి క్యారియర్ తెచ్చి, నన్ను ఇంటికి పంపి, తను బెంచీ మీద పడుకున్నాడు. డిశ్చార్జి అయ్యాక నేనే అడిగిన, నీకు ఇంత ఓపిక ఎక్కడిదిరా అని. అప్పుడు వాడు యేసు గురించి చెప్పిండు, శిష్యుల కాళ్ళు కడిగిన కథ. మొత్తం విన్నా. నాకు నచ్చింది. నేను మారలేదు, వాడూ మారమనలేదు. కానీ నిజమని నమ్ముతున్నా కాబట్టే నీకు చెప్తున్నా అని దాచకుండా అన్నాడు. ఆ సూటిదనం నాకు గౌరవంగా అనిపించింది. లోపల ఒకటి పెట్టుకుని పైకి ఇంకొకటి మాట్లాడితే మాకు తెలిసిపోతుంది.

మీరు కూడా ఆమెను అడగండి. వాళ్ళ ఇంట్లో బతుకమ్మ ఎట్లా పేరుస్తరు, సత్యనారాయణ వ్రతం ఎందుకు చేస్తరు, తను దేవుణ్ణి ఏం కోరుకుంటది అని. ఒక్కవైపు నుంచే చెప్పుకుంటూ పోతే అది స్నేహితుల మాట లెక్క ఉండదు.

డోర్నకల్ మాస్టారు

టైలరమ్మ గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్క విషయంలో తప్ప. అడిగేదాకా ఆగాలి అన్నదాన్ని కొందరు జీవితాంతం మాట్లాడకుండా ఉండటానికి వాడుకుంటారు. మా డోర్నకల్ బిషప్ అజరయ్య గారు, 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్పైన మొట్టమొదటి భారతీయుడు, బాప్తిస్మం పొందినవాళ్ళ చేత తమ తల మీదే చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ (అంటే అయ్యో, నాకు కీడు) అనే అపొస్తలుడు పౌలు మాట చెప్పించేవారు. వాళ్ళలో ఎక్కువమంది చదువురాని వ్యవసాయ కూలీలు. వాళ్ళ చేతే ఆయన సాక్ష్యం చెప్పించారు. కాబట్టి తల్లీ, "నాన్న పోయాక నన్ను నిలబెట్టింది యేసయ్య" అన్న మాట నువ్వు ఆమె అడగకపోయినా చెప్పొచ్చు. స్నేహితులు ఒకరి కష్టం ఒకరికి చెప్పుకోరా? అందులో దేవుణ్ణి తీసేసి చెప్తేనే అది సగం అవుతుంది.

హెచ్‌ఆర్ భయం గురించి. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించే హక్కుతో పాటు ప్రచారం చేసే హక్కు కూడా ఇచ్చింది, ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం అనే పరిమితులతో. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, మత సిద్ధాంతాలను వివరించి చెప్పే హక్కే ఇది, మరొకరిని మార్చే హక్కు కాదు అని చెప్పింది. భోజనం దగ్గర సమానంగా పనిచేసే స్నేహితురాలు అడిగితే జవాబు చెప్పడం వేరు. నువ్వు రేపు టీమ్ లీడ్‌వై, నీ చేతిలో ఆమె రేటింగ్ ఉంటే వేరు. అప్పుడు నువ్వే దూరం పాటించాలి. నేను ప్రభుత్వ బడిలో పనిచేశాను. తరగతి గదిలో పిల్లలకి ఒక్క మాట చెప్పలేదు, వాళ్ళు నన్ను కాదనే స్థితిలో లేరు. సాయంత్రం స్టాఫ్ రూములో తోటి మాస్టార్లతో మాత్రం భగవద్గీత, బైబిలు రెండూ ముందు పెట్టుకుని గంటలు గంటలు మాట్లాడుకున్నాం.

ఆఫీసు గ్రూపులో వాక్యాలు, వీడియోలు పంపొద్దు. ఆమెకి చెప్పేది ఆమెకే చెప్పు.

చీరాల అమ్మాయి

అందరికీ చాలా థాంక్స్. హన్మకొండ అన్నయ్య గారూ, మీ అమ్మగారికి అలా జరిగినందుకు బాధగా ఉంది. రేపు బతుకమ్మ గురించి తప్పకుండా అడుగుతాను.

టైలరక్కా, ఇంకొక్క సందేహం. వినాయక చవితికి తను ఉండ్రాళ్ళు తెచ్చి ప్రేమగా ఇస్తుంది. నేను తీసుకోను. మొహం చిన్నబుచ్చుకుంటుంది. అప్పుడు ఏం చెప్పాలి? తను బైబిలు చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టమనాలి?

ఒంగోలు టైలరక్క

మాస్టారు గారూ, నా మాటకి మీరు చేసిన సవరణ సరైనదే, అమ్మాయి తన నాన్న సంగతి తనే చెప్పొచ్చు.

అమ్మా, ప్రసాదం విషయంలో మన సంఘాల్లోనే రెండు రకాల వాళ్ళున్నారు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాలు చదివి నీ మనస్సాక్షి ఏమంటుందో చూసుకో. తీసుకోకపోతే పండగ రోజుదాకా ఆగకు, ముందే చెప్పు. "నీ మీద ప్రేమ లేక కాదు, దేవుడికి పెట్టింది నేను తినను, మా ఇంట్లో అంతే. కానీ నువ్వు వండింది ఇంకేదైనా తెస్తే గిన్నె ఖాళీ చేస్తా" అని. నిజంగా ఖాళీ చెయ్యి. మా పక్క షాపామె నా కోసం పూజకి ముందే పులిహోర విడిగా తీసిపెడుతుంది. నేను అడగలేదు, నా సంగతి తెలిశాక తనే మొదలుపెట్టింది. బొట్టు ప్రశ్నకి కూడా మీ ఇంటి అలవాటు అదని చెప్పు చాలు, పెట్టుకునేవాళ్ళని తక్కువ చేసే మాట ఒక్కటి కూడా రానివ్వకు.

చదవడం లూకా సువార్తతో మొదలుపెట్టమను. మన తెలుగు బైబిలు భాష పాతది, ఒక్కతే చదివితే ఆగిపోతుంది. ఇద్దరూ కలిసి చదవండి, 15వ అధ్యాయం, ఇల్లు వదిలి వెళ్ళిపోయిన కొడుకు కథ. చదివాక నువ్వు వెంటనే అర్థం చెప్పకు. ఆ తండ్రి గురించి తనకి ఏమనిపించిందో ముందు అడిగి విను. మీ నాన్న గురించి చెప్పాలనిపిస్తే అప్పుడు చెప్పు. ఎలా జరిగిందో ఇక్కడ రాయి, మేం ప్రార్థన చేస్తాం.